ఇంకా ఒక చెయ్యి ఉంది

మీరు బయట కూర్చోండి మేడమ్, మీ మొహం ఎదురుగా ఉంటే పిల్లలు జవాబు అందులోంచి చదివేస్తారు, అన్నారు చింగోలి గారు నవ్వుతూనే. నవ్వుతూ అంటే మాత్రం కుట్టదా ఏమిటి మాట! నూట పన్నెండు మంది పిల్లలు చూస్తుండగా లెస్టీనా తన క్లాసులోంచి తానే బయటికి నడిచి, వరండా గట్టు మీద, కిటికీ కింద, గోడకి వీపు ఆనించి కూర్చుంది. కిటికీకి చట్రం లేదు, రెక్కలు లేవు, ఇటుకల మధ్య ఒక ఖాళీ, అంతే. లోపలి మాటలు దాంట్లోంచి బయటపడి ఆమె తల మీదుగా మైదానంలోకి పోతున్నాయి. ఇక్కడ జూన్ అంటే చలికాలం. ఎన్‌చిసి కొండల మీంచి ముసురు దిగి బడి చుట్టూ కమ్ముకుంది, తెల్లారిందన్న మాటేగానీ ఎండ జాడ లేదు. స్వెట్టరు జేబులో చెయ్యి పెడితే వేరుశనక్కాయలు తగిలాయి, పొద్దున దారిలో ఎవరో గుప్పెట్లో పోసినవి, ఎవరో గుర్తు లేదు, ఇవాళ ఏదీ గుర్తుండేలా లేదు. ఒకటి తీసి చిట్లించింది. గింజలు నోట్లో వేసుకోలేదు, ఒళ్లో వేసుకుంది. ఒక గంట, అన్నారాయన. క్లాసులో ఈ జట్లు ఉంటాయో పోతాయో ఒక్క గంటలో తేల్చేస్తాను.

తేల్చేస్తారు, ఎందుకు తేల్చరు, జిల్లా ఆఫీసు సలహాదారు కదా, మోటారుసైకిలు మీద వచ్చి నలభై బళ్లను తేల్చి పోయే మనిషి. కానీ చెడ్డవాడని అందామంటే నోరు రాదు, అదే బాధ. ఫిబ్రవరిలో వచ్చినప్పుడు ఎర్ర అట్ట పుస్తకంలో ఆయన రాసింది అబద్ధమైతే లెస్టీనా అక్కడికక్కడే పోట్లాడి ఉండేది, పోట్లాటలో ఆమెకి ఎవరూ సాటి రారు, అక్కచెల్లెళ్లని అడగండి చెబుతారు. ఆయన రాసింది నిజం. ఎనిమిది మంది చుట్టూ కూర్చున్నారు, ఒకడు పనిచేశాడు, ఏడుగురు చూశారు. వచ్చే తనిఖీ నాటికి ఇది మారనిచో తరగతిని మునుపటివలె వరసలలో కూర్చోబెట్టవలెను. ఆ ఒకడు లమెక్, పదిహేనేళ్ల వాడు, నాలుగో తరగతి మూడోసారి చదువుతున్నవాడు, పొగాకు కోతలప్పుడు రెండు నెలలు మాయమై భుజాలు వెడల్పు చేసుకుని తిరిగొచ్చేవాడు. చూసిన ఏడుగురిలో చివరిది స్టెలియా. చింగోలి గారు వేలు పెట్టి చూపించి అడిగింది ఆ పిల్లనే, మీ జట్టు ఏం చేసిందమ్మా, చెప్పు, అని. తొమ్మిదేళ్ల పిల్ల, ఆరేళ్ల దానిలా ఉంటుంది, మోకాళ్ల మీద గుడ్డ లాక్కుని నేల చూసింది. మళ్లీ అడిగారు. మళ్లీ నేల చూసింది. ఆ నేలలో ఏముందో ఏమో. ఇవాళ కూడా ఆ పిల్లనే అడుగుతానని గుమ్మంలోనే చెప్పారాయన.

స్టెలియాకి నోరు లేదని కాదు. ఈస్టర్ సెలవుల్లో ఒకనాడు లెస్టీనా వాళ్ల ఇంటికి వెళ్లింది, ఇంట్లో అవ్వ ఒక్కతే, కిత్తనార పేని మేకలకి తాళ్లు చేస్తుంది. వాకిట్లో అవ్వ ఒక చివర, పిల్ల ఇంకో చివర, మధ్యలో తాడు. టీచరమ్మా, ఇది ఇంట్లో ఏమైనా మాట్లాడుతుందా అని అడగడానికి వచ్చావా, అంది అవ్వ, అడక్కుండానే. మాట్లాడకేం, మేకల్తో తగువు పెట్టుకుంటుంది, నాతో తగువు పెట్టుకుంటుంది, నా పురి వదులైందని నాకే వంకలు పెడుతుంది. బళ్లో దాన్ని ఎవరడిగారు గనక? ఆ మాట ఇప్పటికీ చెవిలో ముల్లులా ఉంది. ఎవరడిగారు గనక. పిల్ల మాత్రం తాడు కొస రెండు చేతుల్తో పట్టుకుని, కాళ్లు నేలకి తన్ని, వెనక్కి వాలి నిలబడింది, అవ్వ లాగినప్పుడల్లా ఊగింది గానీ కొస వదల్లేదు. టీచరు వచ్చిందని కూడా వదల్లేదు.

లోపల చింగోలి గారి గొంతు ఏదో అడిగింది, నూట పన్నెండు గొంతులు ఒక్కసారి, అవును సార్, అన్నాయి. ఆ మోతకి లెస్టీనా ఉలిక్కిపడింది. ఆ మోత ఆమెకి తెలుసు. ఆ మోతలోనే పెరిగింది. అర్థమైందా పిల్లలూ? అవును టీచర్! ఏడు మూళ్లు? ఇరవై ఒకటి టీచర్! మూడో వరసలో కూర్చున్న ఒక సన్నపాటి పిల్ల పెదవులు కదిపేది, అంతే, గొంతు ఇచ్చేది కాదు, ఇవ్వడానికి లోపల ఏమీ లేదు, అయినా అరవై గొంతుల్లో ఒక గొంతు లేకపోతే ఎవరికి తెలుస్తుంది? పాఠం చదవమంటే అందరూ కలిసి చదివేవాళ్లు, ఆమె పక్కవాళ్ల మూతి చూసి తన మూతి అలాగే తిప్పేది, అదొక విద్య, దాంట్లో ఆమెకి మొదటి బహుమతి ఇవ్వాల్సింది. ఐదేళ్లు. ఐదేళ్లపాటు ఒక్క అక్షరం రాకుండా ఒక పిల్ల బడికి రోజూ వెళ్లి, మంచి పిల్ల అనిపించుకుని ఇంటికొచ్చింది. ఒక రోజు పెద్దమ్మ ఇంట్లో ఆడవాళ్లంతా వేరుశనక్కాయలు వలుస్తూ కూర్చుంటే, పక్కన కూర్చున్న అక్క ఎలెనా పొట్లం కాగితం ఒకటి ఇచ్చి, ఇందులో ఏం రాసుందే, అంది. లెస్టీనా పెదవులు కదిపింది. ఎలెనా ఆగింది. ఓసి నీ దుంప తెగ, నీకు చదవడం రాదా, అని అరవలేదు. చాటలోంచి ఒక కాయ తీసి, దీన్ని చూడు, ఈ అక్షరం ఇలాగే లేదూ, నడుం దగ్గర నొక్కినట్టు, అంది. ఆ సీజను కాయలు వలవడం అయ్యేసరికి ఆమెకి చదవడం వచ్చేసింది. పది మంది ఆడవాళ్లు, ఒక చాట, ఎవరి వేళ్లు వాళ్ల పని చేస్తూ, నోళ్లు ఖాళీగా. అందుకే కదా టీచరయ్యాక వరసలంటే ఒళ్లు మండింది. అందుకే కదా జట్లు.

ఇంకో కాయ చిట్లింది. మలుంగా గారు, హెడ్మాస్టరు, కోటు కాలరు పైకి లేపుకుని వరండా చివరినుంచి వస్తూ, ఏం మేడమ్, మిమ్మల్నే బయట కూర్చోబెట్టారా, ఏం అల్లరి చేశారు, అన్నారు. పిల్లలకంటే ఎక్కువ చేశాను సార్, అంది లెస్టీనా. ఆయన నవ్వి, కిటికీలోంచి తొంగి చూసి, మీ భోజనాల బంతి సాగుతోంది లెండి, వడ్డన ఇంకా మొదలుకాలేదు, అని చెప్పి వెళ్లిపోయారు. భోజనాల బంతి. ఆ పేరు పెట్టింది ఆయనే. మొదట్లో మండిపోయేది, తర్వాత అలవాటైపోయింది, ఇప్పుడు ఆలోచిస్తే అంతకంటే సరైన పేరు లేదు, ఎందుకంటే తప్పు అక్కడే దొరికింది, భోజనం దగ్గర.

ఎంత వెర్రిబాగులది ఆమె! జట్లంటే చాలనుకుంది. ఎనిమిది మందిని గుండ్రంగా కూర్చోబెట్టి, మధ్యలో ఒక కాగితం, ఒక పెన్సిలు పెట్టి, మాట్లాడుకోండర్రా, కలిసి చేయండి, అంది. మాట్లాడలేదు. లెక్క ఇస్తే చాలు, పద్నాలుగు జట్లలోనూ గదిలో దీపం ఆర్పినట్టు నిశ్శబ్దం. పెద్దవాడు కాగితం దగ్గరికి లాక్కునేవాడు, మిగిలినవాళ్లు చేతులు ఒళ్లో పెట్టుకుని ఎంతో బుద్ధిగా ఎదురుచూసేవాళ్లు. బతిమాలింది. కోప్పడింది. జట్లు మార్చింది, పేర్లు పెట్టింది, సింహాలు, ఏనుగులు, సరస్సు చేపలు. సింహాలూ మాట్లాడలేదు, చేపలూ మాట్లాడలేదు. ఎర్ర పుస్తకంలో ఆ రాత పడిన వారం, ఆదివారం మధ్యాహ్నం చెల్లెలి ఇంటి వాకిట్లో కూర్చుని దిగాలుగా చూస్తోంది, ఎదురుగా పిల్లలంతా ఒక పళ్లెం చుట్టూ కూర్చున్నారు. మధ్యలో మొక్కజొన్న పిండితో వండిన న్సిమా ముద్దలు, పొగలు కక్కుతూ, పక్కన గిన్నెలో కోడికూర. పెద్దవాడు చెయ్యి చాచాడు. అందరి చేతులూ ఒళ్లో ఉన్నాయి. పెద్దవాడు ముక్క తీసుకున్నాడు, తర్వాత రెండోవాడు, తర్వాత మూడోది, ఆఖరి చంటిది పళ్లెం వైపు కాకుండా పెద్దన్న చేతి వైపు చూస్తోంది, కళ్లు ఆర్పకుండా, బుద్ధిగా. ఓరి దేవుడా! లెస్టీనా చేతిలో గ్లాసు పక్కకి ఒరిగి నీళ్లు ఒళ్లో పోయాయి, చెల్లెలు, ఏమైందే అక్కా, తేలు కుట్టిందా, అని పరుగెత్తుకొచ్చింది. తేలే కుట్టింది. ఈ పిల్లలు పుట్టిన దగ్గర్నుంచి ఒక వస్తువు చుట్టూ గుండ్రంగా కూర్చున్నది ఒక్క పనికే. గుండ్రంగా కూర్చోమంటే వాళ్లకి తెలిసిన మర్యాదే వాళ్లు పాటించారు, పెద్దవాడి కంటే ముందు చెయ్యి చాచేవాడు తిండిపోతు, వాడికి వీపు మీద పడుతుంది. కాకపోతే అన్నమైతే చివరివాడి దాకా మిగులుతుంది. జవాబు ఒక్కటే ముక్క. పెద్దవాడు తీసేసుకున్నాక చంటిదానికి మిగిలేదేముంది?

మరి దాన్ని ఎలా విప్పడం? మర్యాద నేర్పిన అమ్మలందరి ఇళ్లకీ వెళ్లి, మీరు నేర్పింది తప్పు అని చెబుతుందా? ఆమెకీ ఆ మర్యాదే ఒంట్లో ఉంది, చింగోలి గారు కూర్చోండి అంటే కూర్చోలేదూ? తడిసిన బట్టల్తో అలాగే ఆలోచిస్తూ ఉండిపోయింది, ఆ వాకిట్లోనే, పిల్లలు తినేసి లేచి, మళ్లీ సాయంత్రం తిండికి కూర్చునేదాకా. అప్పుడు చంటిది బేసినూ చెంబూ పట్టుకుని వచ్చింది. ప్రతి ఒక్కరి ముందూ మోకాళ్ల మీద వంగింది, వాళ్లు చేతులు చాచారు, నీళ్లు పోసింది. పెద్దవాడు తొందరపడి ముద్ద మీద చెయ్యి వేయబోతే, ఏయ్, నీ చేతులు కడగలేదు, అంది చంటిది, అంత బుద్ధిగా కూర్చున్న చంటిదే, గొంతు చించుకుని. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు! పదమూడేళ్ల వాడు ఐదేళ్ల దానికి భయపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, ఎందుకంటే బేసిను దాని చేతిలో ఉంది. నీళ్లు అందరినీ చుట్టి వచ్చేదాకా ఎంత పెద్దవాడైనా ఆగాలి. లెస్టీనాకి ఆ క్షణాన చెల్లెలి కూతుర్ని ఎత్తుకుని ముద్దులతో ఊపిరాడకుండా చేయాలనిపించింది, చేసింది కూడా.

ఆ సోమవారం క్లాసులోకి పద్నాలుగు బేసిన్లు వచ్చాయి, బేసిన్లంటే బేసిన్లు కావు, సొట్టలు పడ్డ పళ్లేలు, రంగు డబ్బాల మూతలు, సొరబుర్ర చిప్పలు, నీళ్లు కూడా లేవు. జట్టులో అందరికంటే చిన్నవాళ్ల చేతికి బేసిను. లెక్క చదివాక ఎవరూ పెన్సిలు ముట్టకూడదు. బేసిను పట్టుకున్నవాళ్లు ఒక్కొక్కరి ముందూ వంగి, నీ చెయ్యి, అనాలి. చేతులు చాచినవాళ్లు తమకి తోచింది చెప్పాలి, ఎందుకలా తోచిందో చెప్పాలి, తెలియకపోతే తెలియదనైనా చెప్పాలి, అప్పుడే కడుక్కున్నట్టు. చిన్నవాళ్ల దగ్గర మొదలై పెద్దవాళ్ల దగ్గర ముగియాలి. అంతా బాగానే కుదిరింది, ఒక్కటి తప్ప. మరి బేసిను మోసేవాళ్ల చేతులు ఎవరు కడుగుతారు? ఇళ్లలో ఎవరూ కడగరు, వాళ్లే ఎక్కడో తడిపేసుకుంటారు. అక్కడే మళ్లీ స్టెలియా మిగిలిపోయింది. అందుకని, అందరిదీ అయ్యాక జట్టులో పెద్దవాళ్లు బేసిను అందుకుని, మోకాళ్ల మీద కూర్చుని, ఆ చిన్నవాళ్ల చేతులు కడగాలి, అంది లెస్టీనా. క్లాసు గొల్లుమంది. నేనా? దీనికా? అన్నాడు లమెక్, కళ్లు ఇంతలేసి చేసుకుని. మా ఊళ్లో చూస్తే నన్ను బతకనిస్తారా మేడమ్? సరే, నీకు నామోషీ అయితే నేను కడుగుతాను, అని ఆ రోజు నిజం నీళ్లే తెప్పించి, ముప్పై ఆరేళ్ల టీచరు, నడుముకి చుట్టుకున్న చితెంజె గుడ్డ మట్టిలో ఆనేలా మోకాళ్ల మీద కూర్చుని స్టెలియా చేతుల మీద నీళ్లు పోసింది. నీ చెయ్యి, అంది. పిల్ల చేతులు చాచింది. నవ్వు ఆగిపోయింది. అలా ఆగిన క్లాసును ఆమె మళ్లీ ఎప్పుడూ చూడలేదు. మర్నాడు లమెక్ బేసిను తీసుకున్నాడు, మొహం పక్కకి తిప్పుకునే తీసుకున్నాడు, కానీ తీసుకున్నాడు.

వచ్చేసింది మాట, నిజమే, ఒక్కో జట్టులో ఒక్కోలా, నెల తిరిగేసరికి ఆ క్లాసు సంతలా ఉంది, పక్క క్లాసు మేడం గోడ మీద చెప్పుతో కొట్టేది. ఒక్క స్టెలియా తప్ప. ఆ పిల్ల బేసిను చక్కగా మోసేది, గుసగుసగా, నీ చెయ్యి, అనేది, తన వంతు వచ్చేసరికి లమెక్ ఏదంటే అదే అనేది. పది అంటే పది. మూడు అంటే మూడు. అది కడుక్కోవడమా, తడుపుకోవడమా? పెదవులు కదపడమేనా మళ్లీ, మూడో వరసలో? ఆమెకి తెలియదు. బలవంతం చేయలేదు. ఇవాళ చింగోలి గారు అడిగేది ఆ పిల్లనే.

లోపల ఆయన ప్రశ్న చదువుతున్నారు. లెస్టీనా వేళ్లలో కాయ ఆగింది. ఐదు మీటర్ల పొడవైన తాడు ఉంది. దాన్ని అర మీటరు ముక్కలుగా కోయాలి. మొత్తం ఎన్నిసార్లు కోయాలి? ఓ, అంతేనా! మీటరుకి రెండు, ఐదు రెళ్లు పది. పది. హమ్మయ్య, తేలిగ్గానే ఇచ్చారు, మంచివాడే పాపం, మా పిల్లలు ఇంతకంటే కష్టమైనవి చేశారు. లోపల కదలిక మొదలైంది, మోకాళ్లు నేల మీద రాసుకోవడం, రంగు డబ్బా మూత ఒకటి జారి గణగణమనడం, నీ చెయ్యి, నీ చెయ్యి, నీ చెయ్యి, పద్నాలుగు మూలల నుంచి. ఆ సందడి చెవిలో పడగానే ఒళ్లు తేలికైంది. ఇవేం మూకుళ్లు, వంట పాఠమా, అంటున్నారు చింగోలి గారు, ఎవరో చిన్నవాడు వివరిస్తున్నాడు, ముందు చేతులు కడగాలి సార్, అందరివీ. అలాగా, అలాగా. ఒక ఇటుక ఈడ్చిన చప్పుడు. బరువుగా కూర్చున్న చప్పుడు, మోకాళ్లు పట్టేసినవాళ్లు కూర్చునేటప్పుడు అనే అమ్మయ్య. సరే, నేనూ మీ జట్టులోనే కూర్చుంటాను. ఏమ్మా, నీ పేరు స్టెలియా కదూ?

ఆ జట్టులో సందడి టక్కున ఆగిపోయింది. లెస్టీనా వీపు గోడ నుంచి విడిపోయింది. కూర్చున్నారు! ఆయన వలయంలో కూర్చున్నారు! ఇది నాకెందుకు తోచలేదు, ఇది నాకెందుకు తోచలేదు, తొంభై సంగతులు నేర్పి ఈ ఒక్కటీ నేర్పలేదు. చుట్టం వస్తే? బడి పద్ధతిలో పెద్దవాళ్లది చివరి వంతు. ఇంటి పద్ధతిలో చుట్టానిది మొదటి వంతు, చుట్టం ఉండగా ముందు ఇంట్లోవాళ్లు చేతులు కడుక్కుంటే అవ్వలు నాలుగు ఊళ్లలో చెప్పుకుంటారు. రెండు పద్ధతుల మధ్య తొమ్మిదేళ్ల పిల్ల చేతిలో ఖాళీ బేసినుతో నిలబడి ఉంటుంది ఇప్పుడు, నేల చూస్తూ ఉంటుంది. లేచి లోపలికి వెళ్లిపోదామా? వెళితే అయిపోయినట్టే, మొహంలోంచి చదివేస్తారు అన్నారుగా. దగ్గుదామా? దగ్గితే ఏమని అర్థమవుతుంది వాళ్లకి? లేవబోయి కూర్చుంది, కూర్చోలేక సగం లేచింది, కాలు కాలిన పిల్లిలా అలా గట్టు మీద. ఎంతసేపో. ముసురులో ఎక్కడో ఒక మేక అరిచింది. తర్వాత చిన్న అడుగుల చప్పుడు, వట్టికాళ్లు, మట్టినేల మీద, నాలుగడుగులు, ఆగడం, మోకాలు ఆనిన చప్పుడు.

"మీ చెయ్యి సార్."

ఇంటి పద్ధతే ఎంచుకుంది. చుట్టానికి ముందు. పిల్లది తప్పేం కాదు, లెస్టీనా అయినా అదే చేసేది. చింగోలి గారు సరదా పడిపోయారు, చేతులు చాచే ఉంటారు, నాకు తోచింది చెప్పాలా, చెబుతాను, పది, మీటరుకి రెండు ముక్కలు కదా, అని తన జవాబు తనే చెప్పేశారు. ఇక ఏముంది. అయిపోయింది. పెద్దాయన ముక్క తీసేసుకున్నాడు. నీ చెయ్యి. పది. నీ చెయ్యి. పది, సారు చెప్పినట్టే. నీ చెయ్యి. నాకూ పదే. ఎంత బుద్ధిమంతులు, ఎంత మర్యాదస్థులు, లెస్టీనాకి ఏడుపు వస్తోంది, జవాబు సరైనదే అయినా ఏడుపే వస్తోంది, ఇది మళ్లీ ఆ అరవై గొంతుల మోత కాకపోతే ఏమిటి, కాస్త నెమ్మదిగా, ఒక్కొక్కరుగా, అంతే తేడా. ఎర్ర పుస్తకం తెరుచుకుంటుంది. ఈసారీ నిజమే రాస్తారు. సోమవారం పిల్లల్ని మళ్లీ వరసల్లోకి జరపాలి. మూడో వరసలో స్టెలియాని కూర్చోబెట్టాలి, ఇంకెక్కడ కూర్చోబెడతారు. నీ చెయ్యి. లమెక్ గొంతు, బొంగురుగా, పది. అందరిదీ అయింది. బాగుందర్రా, అన్నారు చింగోలి గారు, ఇటుక మీంచి లేవబోతున్నట్టు బరువుగా ఊపిరి వదిలి, అంతా పదే అన్నారు, సరిగ్గా ఉంది, ఇక అమ్మాయిని ఒక్క మాట అడిగి...

"ఇంకా కాలేదు సార్."

లమెక్. గొంతు సగంలో చీలింది, పెద్దవాళ్లకి అడ్డు చెప్పి ఎరగని గొంతు. "ఏం కాలేదు?" "ఇంకా ఒక చెయ్యి ఉంది సార్. దీని చెయ్యి కడగలేదు. అందాకా పెన్సిలు ముట్టకూడదు. మీరైనా సరే."

మీరైనా సరే! లెస్టీనా అరచేత్తో నోరు మూసుకుంది. ఒళ్లో గింజలు గట్టు మీద పడ్డాయి. లోపల ఒక పెద్ద శరీరం కదిలింది, భుజాలు వెడల్పైన పొగాకు చేల శరీరం, రెండు మోకాళ్లు ఒకదాని తర్వాత ఒకటి నేలకి ఆనాయి, ఆ చప్పుడు ఇంత స్పష్టంగా వినబడుతుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. మిగిలిన పదమూడు జట్లూ ఎప్పుడు ఊరుకున్నాయో మరి.

"నీ చెయ్యి," అన్నాడు లమెక్. మళ్లీ, ఈసారి మెల్లగా, ఇంట్లో చెల్లెలితో అన్నట్టు, "చిట్టీ, నీ చెయ్యి. చెప్పు, నేను పట్టుకునే ఉన్నాగా."

"తొమ్మిది."

అంత సన్నని గొంతు. చింగోలి గారు, ఏమన్నావమ్మా, అన్నారు. తొమ్మిదేంటి, అనుకుంది లెస్టీనా, అయ్యో తల్లీ, మొదటిసారి నోరు తెరిచి, ఇవాళే తెరిచి, తప్పు చెప్పావా! తొమ్మిది, అంది మళ్లీ ఆ గొంతు, ఈసారి కాస్త తగువు పెట్టుకునే గొంతు, మేకలతో పెట్టుకునే గొంతు అయి ఉంటుంది. "అవ్వ కోస్తుంది సార్, నేను కొస పట్టుకుంటాను. ఒకటి కోస్తే ఒకటి పడుతుంది. కోసుకుంటూ కోసుకుంటూ వస్తుంది. చివరిది నా చేతిలోనే ఉండిపోతుంది. దాన్ని కోయక్కర్లేదు. కోస్తే పొట్టిదైపోతుంది, మేక కాలికి కూడా రాదు."

లెస్టీనా వేళ్లు గాల్లో తాడు కోశాయి. ఒకటి. రెండు. మూడు. ఎనిమిది దగ్గర రెండు ముక్కలంత తాడు మిగిలింది, తొమ్మిదో కోతకి అది రెండుగా విడిపోయింది, పది ముక్కలు, కోయడానికి ఇంకేమీ లేదు. తనూ పదే అనుకుంది, ఈ గట్టు మీద ఎంత ధీమాగా కూర్చుని అనుకుంది! లోపల కాగితాలు గబగబా తిరగేస్తున్న చప్పుడు, జవాబుల కాగితం అయి ఉంటుంది, అందులో పది అని ఆయన చేత్తో ఆయనే రాసుకున్నది. వెనక మూల నుంచి ఎవరో, మేం కూడా తొమ్మిదే అనుకున్నాం సార్, అని ఒక అబద్ధం వదిలారు, ఇంకెవరో, పోరా అబద్ధాలకోరు, అన్నారు, మొత్తం క్లాసు సంత అయిపోయింది, పక్క క్లాసు మేడం చెప్పు గోడకి తగిలింది, ఎవడూ లెక్కచేయలేదు. లమెక్ వేళ్లు లెక్కపెడుతూ, అయ్యబాబోయ్ అవును, అవును సార్, నేను తప్పు కడుక్కున్నాను, అంటున్నాడు. చింగోలి గారు ఏమీ అనడం లేదు. పెద్దవాళ్లు తప్పు చేసినప్పుడు అయ్యే నిశ్శబ్దం అది, పిల్లలకి అలవాటైన నిశ్శబ్దమే, దాని తర్వాత ఏదో ఒక వీపు మీద దెబ్బ పడడం కూడా వాళ్లకి అలవాటే. సంత మళ్లీ చప్పున అణిగింది.

ఇటుక కదిలింది. ఆయన లేవడం లేదు, ఇంకా ముందుకి జరిగి సర్దుకుని కూర్చున్నారు.

"స్టెలియా," అన్నారు, "ఆ బేసిను ఇటు తీసుకురామ్మా. నా చేతులు మళ్లీ కడగాలి."

వట్టికాళ్ల అడుగులు, ఈసారి పరుగు. లెస్టీనా వంగి గట్టు మీద పడ్డ గింజల్ని ఏరుకుంది, ఇసుక ఊదింది, ఒకటి నోట్లో వేసుకుంది. లోపలికి వెళ్లాలనిపించలేదు. గంటలో ఇంకా చాలా మిగిలి ఉంది.